ఎనిమిదో రోజు నేను చూడని ఆరు చేతులు

ఈ పెట్టె ఇక మీది

పావగడ తాలూకాలో ముప్ఫై ఏళ్లు మశూచి టీకాలు వేసి ఈ ఏడు ఉద్యోగం దిగాను. నా తోలు పెట్టె, గాట్లు పెట్టే కత్తి, టీకా మందు గొట్టాలు దాచే రేకు డబ్బా, వీటన్నిటినీ నా చోట్లోకి వచ్చిన ఇద్దరు కొత్త ఉద్యోగులు సంతకం పెట్టి తీసుకున్నారు. "పెద్దవారు, మాకేమైనా చెప్పండి" అన్నారు. ఎండలో పోతే తలకు గుడ్డ కట్టుకోండి అని ఏదో చెప్పి పంపించాను. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది తలగుడ్డేనా?

అందుకే ఇది రాస్తున్నాను. ఏ ఊరికి ఏ దారి, ఏ పటేలు మంచివాడు, బత్తెం కాగితం ఎట్లా రాయాలి, ఇవి మీకు కచేరిలో ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఎవరూ చెప్పరు. చెబితే వాళ్ల పరువు పోతుంది. నా పరువు ఎటూ పోయిందే, ఇరవై ఏళ్ల కిందటే పోయింది. బయటి వాళ్లకు తెలియలేదు, అంతే.

పారిపోయే జనం

మొట్టమొదట ఒక సంగతి ఒప్పుకోండి. మీరంటే ఎవరికీ ఇష్టం ఉండదు. మీరు ఊళ్లోకి అడుగు పెట్టేసరికి సగం ఇళ్లకు తాళాలుంటాయి. పసిబిడ్డలను ధాన్యం గుమ్ముల్లో దాస్తారు, గడ్డివాముల వెనక దాస్తారు, గుండ్ల సందుల్లో పడుకోబెట్టి పైన కంబళి కప్పుతారు. అమ్మవారిని ఆపడానికి మనమెవరం అని వాళ్ల కోపం. తిరుమణిలో ఒక ముసలాయన నన్ను చూసి మంచిగా నవ్వాడు, లోపలికి పోయి పొట్టేలును కట్టు విప్పి నా మీదికి వదిలాడు. నేను కంపచెట్టు ఎక్కాను. కింద నిలబడి "టీకాలప్పా, యాడికి పోతాండావ్? మా పొట్టేలికి గూడా ఎయ్యిపో" అని ఊరంతా నవ్వింది.

వల్లూరులో ఒకామె రోకలి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నువ్వు గీకి పోతావు. బిడ్డకు జొరమొస్తే నీ పెండ్లాం వచ్చి కూచుంటాదా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నేను మర్నాడు మళ్లీ పోయాను, ఎల్లుండీ పోయాను. నాలుగో రోజు రోకలి పక్కన పెట్టి బిడ్డను ఇచ్చింది. ఆ నాలుగు రోజులే ఉద్యోగం. గాటు పెట్టడం రెండు నిమిషాల పని.

ఏడేళ్లు ఇట్లా తిరిగాను. ఏడేళ్లలో ఒక్కరంటే ఒక్కరు తమంతట తాము వచ్చి చెయ్యి చాపింది లేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత జరిగిందంతా దీనివల్లే జరిగింది.

పెద్దాయన నేర్పింది

నాకు పని నేర్పినాయన చాలా పాతకాలపు మనిషి. నోట్లో ఎప్పుడూ వక్క, మాటలో ఎప్పుడూ తిట్టు. గాట్లు ఎట్లా పెట్టాలో ఒక పూటలో చూపించాడు. తాలూకాలో తక్కిన వాళ్లు ఎడమ జబ్బ మీద వరసగా పెట్టేవారు. ఆయన మూడు గాట్లు, పొయ్యి రాళ్లలాగా మూడు మూలల్లో పెట్టేవాడు. నాకూ అదే అలవాటైంది. గొప్పకు చెబుతున్నాననుకోకండి, పావగడ తాలూకాలో పొయ్యిరాళ్ల మచ్చ కనబడితే అది ఆయనదైనా కావాలి, నాదైనా కావాలి.

గాట్లు నేర్పిన రోజే ఆయన అన్నాడు: "మొదటి దినం గీకేది ఎవుడైనా చేస్తాడురా. ఎనిమిదో దినం పోయి చూసేదే మన పని." టీకా వేసిన ఎనిమిదో రోజుకు గాటు పొంగి చీముపట్టి కనబడాలి. పొంగితే పట్టినట్టు. పొంగకపోతే మళ్లీ వెయ్యాలి. ఎండకు మందు చచ్చిపోయిందో, బిడ్డ తల్లి రుద్దేసిందో, కళ్లతో చూస్తే గాని తెలియదు. అందుకే పుస్తకంలో పేరు పక్కన ఒక గడి ఉంటుంది. ఎనిమిదో రోజు చూశాక అందులో 'పట్టింది' అని రాయాలి. అది రాశాకే టీకా పట్టినట్టు చీటీ ఇవ్వాలి. చూడకుండా రాసిన వాణ్ని ఆయన చెప్పుతో కొట్టేవాడు. ఉత్తమాట కాదు, నిజంగా ఒకణ్ని కొట్టడం చూశాను.

ఆయన పోయాక నా పైకి వచ్చిన ఇన్స్పెక్టరు పుస్తకంలో నిండిన గడులు లెక్కపెట్టేవాడు. చేతులు చూసేవాడు కాదు. ఈ ఇద్దరి మధ్య తేడా మీకు అర్థమైతే నేను ఇక్కడితో ఆపేయొచ్చు. కాని ఆపను.

తమంతట తామే చాపిన చేతులు

రెండేళ్లు వరసగా వానల్లేవు. పినాకిని ఇసుకలో చెలమలు తవ్వితే బురద వచ్చేది. నాగలమడికలో రాగులు లేవు, కొర్రలు లేవు, మేకల్ని అమ్ముకున్న వాళ్లు అమ్ముకున్నారు. ఆ చలికాలంలో ఒక మేస్త్రీ దిగాడు. కాఫీ తోటల మేస్త్రీలు మా సీమకు ఏటా వస్తారు, మనుషుల్ని తోలుకుపోయి పని తీరాక తెచ్చి దింపుతారు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. ఇతను తెల్ల కోటు వేసుకునేవాడు, మెత్తగా మాట్లాడేవాడు. చిక్కమగళూరు దిక్కున కాఫీ తోట, మూడు నెలల కోత పని, ఆడవాళ్లే కావాలి, వాళ్ల వేళ్లయితే పండు నలగదు అన్నాడు.

నేను చావిడి ముందు పెట్టె దించుకుని కూర్చున్నాను. ఎప్పటిలాగే ఊరు ఖాళీ. అప్పుడు ఆ మేస్త్రీ ఆరుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "నమస్కారం డాక్టరుగారూ" అన్నాడు.

నన్ను డాక్టరుగారూ అన్న మొదటి మనిషి అతనే! అందరికీ నేను టీకాలప్పను. పొట్టేళ్లను వదిలే వాళ్లకూ, రోకళ్లు చూపే వాళ్లకూ టీకాలప్పను. కుర్చీ తెప్పించాడు. కాఫీ తెప్పించాడు. "చదువుకున్న మీవంటి వాళ్ల విలువ ఈ ఊళ్లకేం తెలుసు" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. ఆ ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు కొంగు తప్పించి ఎడమ చెయ్యి చాపారు. గొడవ లేదు, ఏడుపు లేదు. ఏడేళ్లలో చూడనిది చూస్తున్నానని నా కళ్లు చెమర్చాయి కూడా. ఛీ!

ఆరోది నరసక్క. పదిహేడేళ్లు ఉంటాయి. పెళ్లైన ఏడాదికే మొగుడు కలరాలో పోయాడు, తల్లి హనుమక్క దగ్గరే ఉంటోంది. కూతురి చెయ్యి చాపించడానికి హనుమక్క కూడా వచ్చింది. "ఇది పుట్టినప్పుడు మీ టీకాలాయప్ప వస్తే గుమ్మిలో దాచినానప్పా. ఇప్పుడు నేనే పిలుచుకొచ్చినా, చూడు. బతికి రావల్ల గదా" అంది. నరసక్క కత్తిని చూసి కళ్లు గట్టిగా మూసుకుని, అయిపోయాక తెరిచి, "ఇంతేనా? దీనికేనా మాయమ్మ నన్ను గుమ్మిలో ఏసింది?" అని నవ్వింది. అందరం నవ్వాం. మూడు గాట్లూ చక్కగా పడ్డాయి.

కాఫీ తాగించాక మేస్త్రీ అసలు మాట ఎత్తాడు. తోట దొర చీటీలు ముందే అడుగుతున్నాడట. "మేము బయలుదేరేది పది రోజుల తర్వాతే డాక్టరుగారూ. ఎనిమిదో రోజు మీరు ఎట్లాగూ వచ్చి చూస్తారు. ఆ తేదీ వేసి చీటీలు ఇప్పుడే ఇచ్చేస్తే నాకు ఒక పని తీరుతుంది." పెద్దాయన చెప్పు గుర్తొచ్చింది. కాని డాక్టరు అనిపించుకున్న చెయ్యి ఆగలేదు. ఆరు చీటీలు రాసిచ్చాను. 'చూశాను, టీకా పట్టింది' అని ఎనిమిది రోజుల తర్వాతి తేదీ వేసి, కింద నా పేరు.

నాకు లంచం ఇచ్చాడనుకుంటున్నారా? ఒక్క దమ్మిడీ ఇవ్వలేదు. నన్ను కొనడానికి ఒక కుర్చీ, ఒక లోటా కాఫీ, ఒక పిలుపు సరిపోయాయి. ఎవరూ ఇష్టపడని పనిలో ఉన్నవాడు మర్యాదకు ఎంత చవగ్గా అమ్ముడుపోతాడో మీకూ తెలియాలి. రేపు మీ దగ్గరికీ వస్తారు.

అడగవలసిన మాట ఒకటే ఉండింది. నన్ను చూసి గుండ్ల చాటుకు పరుగెత్తే ఈ జనం ఇవాళ ఎందుకు చెయ్యి చాపుతున్నారు? కాఫీ తోటకు పోయే వాళ్లను టీకా వేయించుకుని రమ్మని ఇంతకు ముందు ఎవడడిగాడు? ఎవడూ అడగలేదు. టీకా అడిగేది ఓడ. ఆ సంగతి తెలియక కాదు, తోచక కాదు. ఆలోచిస్తే సంతోషం పోతుందని ఆలోచించలేదు.

ఖాళీ ఇల్లు

ఎనిమిదో రోజు నేను పోయాను. అది మాత్రం నిజం. హనుమక్క ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంది.

"నరసక్క యాడుందమ్మా?"

"ఎప్పుడో తోలుకపోయినాడప్పా. నువ్వు గీకిపోయిన మర్నాడే. బండి తొందరగా వచ్చిందన్నాడు. పెనుగొండ కాడ రైలెక్కిస్తానన్నాడు. చిక్కమగళూరికి పెనుగొండకాడ యాల ఎక్కల్లప్పా? ఆ ఊరు పడమట గదా?"

మా తాలూకా మైసూరు రాజ్యంలోది, చుట్టూ మూడు వైపులా ఇంగ్లీషు వాళ్ల అనంతపురం జిల్లా. పెనుగొండ అందులోది. అక్కడ రైలెక్కితే చెన్నపట్నం దాకా మైసూరు పోలీసుకు పని లేదు. ఎప్పుడూ ఊరు దాటని హనుమక్కకు తట్టిన మాట నేను ఒప్పుకోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆమె మజ్జిగ ఇచ్చింది. తాగాను. "కనుక్కుంటాలే" అన్నాను.

సాయంత్రం పావగడకు వచ్చి పుస్తకం తెరిచాను. ఆరు గడులు ఖాళీగా ఉన్నాయి. ఆ తేదీతోనే ఆరు చీటీలు నా సంతకంతో ఎక్కడో తిరుగుతున్నాయి. గడులు ఖాళీగా వదిలితే చీటీలు దొంగవని నా పుస్తకమే చెబుతుంది. ఆరు గడుల్లోనూ 'చూశాను, పట్టింది' అని రాశాను. చెయ్యి వణికిందని రాస్తే మీకు కొంచెం జాలి వేస్తుందేమో. వణకలేదు. చాలా చక్కగా రాశాను.

"అవును స్వామీ"

మరో మూడు రోజులకు హనుమక్క నాగలమడిక నుంచి నడిచి పావగడ కచేరికి వచ్చింది. ఊరి పటేలును అడిగితే "పోయిన వాళ్ల కోసం నేనేం జేసేది" అన్నాడట. అందుకని సరాసరి తాలూకా అధికారి అమల్దారు ముందే నిలబడింది. హిందూపురం సంతకు పోయొచ్చిన ఎవరో చెప్పిన మాట ఆమె చెవిన పడింది. ఆ మేస్త్రీ మనుషుల్ని పంపేది చిక్కమగళూరికి కాదు, సముద్రం దాటించి పినాంగు రబ్బరు తోటలకు, అక్కడ మగ కూలీలు ఎక్కువ, ఆడవాళ్లు లేరు, అందుకే ఆడవాళ్లనే ఏరుకుంటున్నాడు అని. ఓడ ఇంకా కదల్లేదని కూడా ఆ మనిషి చెప్పాడు.

అమల్దారు చెడ్డవాడు కాడు. ఆమె చెప్పింది విన్నాడు. చెన్నపట్నం రేవు పోలీసులకు తంతి కొట్టించడానికి కాగితం ముందుకు లాక్కున్నాడు కూడా. "నీ మాట నిజమని చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని కన్నడంలో అడిగాడు.

హనుమక్క చుట్టూ చూసింది. వసారాలో స్తంభం పక్కన నేను కనబడ్డాను. ఆ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"ఈయప్పనడగండి సామీ! ఈ టీకాలప్ప ఎనిమిదో దినం మాయింటికి వచ్చినాడు. అప్పటికే నా బిడ్డ ల్యాదు. ఈయప్పకు తెలుసు. నేనే చెప్పినా. మజ్జిగ గూడా తాగిపాయ."

అమల్దారు నా పుస్తకం తెప్పించాడు. వేలితో వెతికి, ఆ పుట మీద ఆపాడు. "ఎనిమిదో రోజు ఆరుగురినీ చూసినట్టు రాశావు కదయ్యా. అంటే ఆ రోజుకు వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. నువ్వు చూశావా?"

లేదు అంటే చాలు. రెండక్షరాలు. అట్లా అంటే నా ఉద్యోగం పోతుంది, దొంగ చీటీలకు జైలైనా పడుతుంది. ఇంట్లో నా భార్య నెలలు నిండి ఉంది. ఇవన్నీ నా తలలో తిరిగాయి. కాని అన్నిటికంటే ముందు తిరిగింది ఏమిటో తెలుసా? ఇంతమంది గుమాస్తాల ముందు తల కొట్టేసినట్టవుతుందే అని.

"అవును స్వామీ" అన్నాను.

హనుమక్క నా వైపు చూసింది. తిట్టలేదు. అర్థం కాలేదు పాపం ఆమెకు. "ఏందప్పా, చూసినావా? యాడ చూసినావు?" అని నిజంగానే అడిగింది. తనకు తెలియకుండా బిడ్డ ఎక్కడో ఉందేమోనని ఆశ!

అమల్దారు తంతి కాగితం పక్కకు నెట్టాడు. "ఇదిగో చూడమ్మా, సర్కారు మనిషి చూశాడు. నీ బిడ్డ ఇంట్లో ఉండి, తర్వాత తనంతట తాను పోయింది. నువ్వు తేదీలు మార్చి చెబుతున్నావు" అన్నాడు.

మూడు రోజులు కచేరి వైపు పోకుండా తిరిగాను. నాలుగో రోజు పొద్దున పోయి అమల్దారుకు అంతా చెప్పేశాను. చీటీలు, పుస్తకం, కాఫీ, అంతా. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "ఓడ ఈపాటికి పోయుంటుంది. ఇప్పుడు నువ్వు మాట మారిస్తే నీ ఉద్యోగం పోతుంది, నీ మాట నమ్మి అర్జీ కొట్టేసినందుకు నాకూ మాట వస్తుంది. రాసింది రాసినట్టే ఉండనీ. పో."

నేను పోయాను. అదే నా రెండో నేరం. మొదటిది భయంలో చేశాను. ఇది తీరిగ్గా, పగటిపూట, పోతే పోనీలే అని చేశాను. నన్ను ఎవరూ శిక్షించలేదు. ఆ ఏడు నా పుస్తకంలో ఖాళీ గడి ఒక్కటీ లేదని ఇన్స్పెక్టరు మెచ్చుకున్నాడు.

"తానే పోయింది"

తర్వాతి సంవత్సరాల్లో ఇట్లాంటివి చాలా విన్నాను. మా తాలూకాలోనే కాదు, చుట్టుపక్కల అంతటా. ప్రతి కచేరిలో, ప్రతి చావిడిలో ఒకే మాట: తానే పోయింది. తానే బండెక్కింది. తానే వేలిముద్ర వేసింది. ఈ మాట వింటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది.

ఎక్కడికి పోతున్నదో చెప్పకుండా ఎక్కించి, ఎక్కింది కదా అంటారేమిటయ్యా? కాఫీ తోట అని నమ్మి చాపిన చెయ్యి ఓడకు చాపినట్టా? ఆకలితో ఉన్న మనిషి ఇష్టానికీ, కడుపు నిండిన మనిషి ఇష్టానికీ ఒకే పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. ఇక ఊరివాళ్లు! ఆరుగురు పోయిన వారానికే వాళ్ల నడతల గురించి కథలు పుట్టించారు. నడత మంచిదైతే యాల పోతారు అని పటేలు చావిడిలో నవ్వాడు. ఆ మేస్త్రీని ఒక్క మాట అనడానికి ఒక్క నోరూ లేవలేదు. అతను మరుసటేడు పక్క తాలూకాలో దిగాడని విన్నాను, అదే తెల్ల కోటుతో.

మేస్త్రీ ఒక్కడే ఈ పని చేయలేడు, అది మీరు తెలుసుకోవాలి. అతనికి బండివాడు కావాలి, చూడనట్టు ఊరుకునే పటేలు కావాలి, రైల్లో అడగని టిక్కెట్టు గుమాస్తా కావాలి. రేవులో టీకా లేనివాళ్లను శిబిరంలో వారం పది రోజులు ఆపుతారట. ఆపితే ఎవరో ఒకరు ఎక్కడికమ్మా అని అడుగుతారు, ఎవరో ఒకతె ఏడుస్తుంది. నా గాట్లు, నా చీటీలు ఉండబట్టి ఆ ఆరుగురినీ ఆపలేదు. మేమెవరమూ దుర్మార్గులం కాము. తలా ఒక చిన్న పని చేశాం. ఆ చిన్న పనులన్నీ కలిస్తే ఓడ నిండింది.

ఏటా ఒక ప్రశ్న

నాగలమడిక నా తాలూకాలోదే. పోక తప్పదు. పోయిన ప్రతిసారీ హనుమక్క చావిడి దగ్గరికి వచ్చేది. తిట్టి ఉంటే బాగుండేది. అందరి ముందూ మామూలుగా అడిగేది:

"చూసినానంటివే టీకాలప్పా. ఎట్లుండాది నా బిడ్డ? గాటు మానిందా?"

ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు. జుట్టు పూర్తిగా నెరిసింది, నడుము వంగింది, ప్రశ్న మాత్రం మారలేదు. బదిలీ అడిగాను, ఇవ్వలేదు. ఒకసారి ఆమె లేని రోజు చూసుకుని పోయాను. నా రాక తెలిసి పొలం నుంచి పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ అదే అడిగింది. యుద్ధం జరుగుతుండగా ఒక ఏడు పోతే చావిడి దగ్గర ఎవరూ లేరు. హనుమక్క ఎండాకాలంలో చనిపోయిందని పక్కింటి వాళ్లు చెప్పారు. నాకు ఊపిరి తేలికైంది. అట్లా తేలికైనందుకు ఆ రోజంతా నన్ను నేను తిట్టుకున్నాను.

పొయ్యిరాళ్ల మచ్చ

యుద్ధం ముగిసిన మరుసటేడు నాగలమడికలో అమ్మవారు వచ్చింది. మూడు ఇళ్లలో పోసింది. భయంతో జనం ఈసారి వరసలో నిలబడ్డారు. ఆ వరసకు కొంచెం ఎడంగా ఒకామె ఒంటరిగా నిలబడి ఉంది. నలభై దగ్గర వయసు. తక్కిన ఆడవాళ్లు ఆమెకు కొంగు తగలకుండా జరుగుతున్నారు. "ఓడెక్కిన మనిషి" అని ఎవరో గొణిగారు.

అందరూ అయిపోయాక ఆమె ముందుకు వచ్చి ఎడమ చెయ్యి చాపింది. గాటు పెట్టబోతూ చూశాను. జబ్బ మీద మూడు మచ్చలు, పొయ్యి రాళ్లలాగా. కత్తి కింద పడిపోయింది.

"గుర్తు పట్టినావా డాక్టరుగారూ?" అంది నరసక్క.

యుద్ధం అయినాక కూలీలను తిప్పి పంపిన ఓడలో వచ్చిందట, చావిడి మెట్ల మీద కూర్చుని చెప్పింది. నన్ను ఊరడించాలని కాదు, ఏడ్చీ కాదు, దారిలో ఎన్ని వంకలున్నాయో చెప్పినట్టు చెప్పింది. "సముద్రం చూసినాకే తెలిసె, కాఫీ తోట కాదని. ఆ తోటలో దించిన దినమే మమ్మల్ని కూలోళ్ల లైను ఇండ్లలో పంచినారు, గొర్రెల్ని పంచినట్ల. ఒకొక్కర్ని ఒకొక్క మొగోడికి. ఏడిస్తే, చీటీలుండాయి, మీరే వచ్చినారు అనిరి." ఆరుగురిలో ఇద్దరు మొదటి రెండేళ్లలోనే జ్వరంతో పోయారు. ముగ్గురిని వేరే తోటలకు మార్చారు, మళ్లీ కనబడలేదు.

తర్వాత జపాను సైన్యం వచ్చింది. మగవాళ్లను రైలు దారి వేయడానికి తోలుకుపోయారు. నరసక్కను పట్నంలో ఒక బంగళాలో గుడ్డలుతికే పనికి పెట్టారు.

"ఆ బంగళాలో ఆడపిల్లోళ్లుండిరప్పా. కొరియా అని ఒక దేశమంట, ఆడి పిల్లోళ్లు. గుడ్డల మిల్లులో పనిస్తామని చెప్పి ఓడెక్కించినారంట. ఈడకొచ్చి సిపాయిలకిచ్చినారు. దినమంతా గుమ్మం కాడ సిపాయిలు వరసగా నిలబడుకోని ఉంటాండ్రి. ఒక పిల్ల నాకు బాగా మాలిమి. నేను ఆ దేశం పోయినప్పుడుండే ఈడే దానిది. ఇద్దరికీ మలాయి మాటలు కొంచెం కొంచెం వస్తాండె. కర్రపెండలం ఉడకబెట్టి కిటికీలో నుంచి ఇస్తాంటి. ఒకదినం అడిగితి, నువ్వు యాల వచ్చినావే అని. అది నన్ను ఎదురడిగె, నువ్వు యాల వచ్చినావు అని. ఇద్దరం నవ్వితిమి. ఇంగేం జేస్తాం?"

కొంగు సర్దుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"వారానికొకసారి ఆడికి డాక్టరు వస్తాండె. పిల్లోళ్లను వరసగా నిలబెట్టి చూసి, రోగం లేదని చీటీ రాసిస్తాండె. వాళ్ల మొగాలు చూస్తాండ్లే. మంచోడు మాదిరే ఉండె. చేతులు కడుక్కోని, కాఫీ తాగి పోతాండె. ఆయప్పను చూసినప్పుడల్లా నాకు నువ్వే మతికొస్తాంటివి."

ఆ అమ్మాయి ఏమైందని అడిగాను. యుద్ధం అయిపోయిన రోజుల్లో లారీలో ఎక్కించి ఎటో తీసుకుపోయారట. పోతూ పోతూ తిరిగి చూసిందట. ఆ దేశం ఎక్కడుందో నాకు తెలియదు. అక్కడ ఆ పిల్ల తల్లి ఏ చావిడి ముందు నిలబడి ఎవణ్ని ఏమడుగుతోందో తెలియదు. నాలాంటివాడు అక్కడా ఒకడు ఉంటాడని మాత్రం తెలుసు, వాడూ దిగులు లేకుండా ఉద్యోగం చేసుకుని ఉంటాడని కూడా.

నేను లేచి ఆమె కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది. "అవన్నీ యాలప్పా. మాయమ్మ సచ్చేదాకా ఒకటే చెప్పిందంట గదా, టీకాలప్ప చూసినానని రాసినాడు, చూసినాడో ల్యాదో అని. ఇప్పుడు చూడు." కొంగు తప్పించి చెయ్యి నా ముఖం ముందు పెట్టింది.

చూశాను. ఇరవై ఏళ్ల తర్వాత, ఆ చేతిని చూశాను. మూడు మచ్చలూ లోతుగా, గుండ్రంగా ఉన్నాయి. నోటికి వచ్చిన మాట నా ఉద్యోగం నేర్పిన మాటే: "బాగా పట్టింది."

"పట్టింది" అంది నరసక్క. "ఆ దేశంలో అమ్మ పోసి లైన్లు లైన్లు ఎత్తకపాయ. నాకు రాల్యా. అదొకటే రాల్యా."

ఆ వారమే కచేరి గదిలో ఆ పాత పుస్తకం వెతికించాను. చెదలు తిన్న అంచుల మధ్య నా అందమైన చేతిరాత అట్లాగే ఉంది. ఆరు గడులనూ ఎర్ర సిరాతో కొట్టేశాను. అబద్ధం, చూడలేదు అని పక్కన రాసి సంతకం పెట్టాను. నరసక్క పేరు ముందు మాత్రం ఆ రోజు తేదీ వేసి 'చూశాను' అని రాశాను. పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని నాగలమడికకు తీసుకుపోయి, వేరుశనగ కాయలు కోస్తున్న ఆమెకు చూపించాను. చదువు రాదు కదా, చదివి వినిపించాను. ఇప్పటి అమల్దారుకూ చదివి వినిపించాను. పాత కథలు ఎందుకు తవ్వుతావని విసుక్కున్నాడు. రెండేళ్లలో దిగిపోయే వాణ్ని ఏం చేస్తాడు?

నరసక్క చేతి మట్టి దులుపుకుని, నా రాత మీద వేలు పెట్టి, కింది దాకా జరిపింది. ఒకటి, రెండు, మూడు అని మెల్లగా లెక్కపెట్టింది.

"ఇంగా ఐదుగురుండారు గదప్పా. వాళ్లను ఎప్పుడు చూస్తావు?"

పుస్తకం మూశాను. ఆ పుస్తకం ఇప్పుడు మీ బీరువాలో పై అరలో, గుడ్డలో చుట్టి ఉంది. ఇన్స్పెక్టరు ఎంత అడిగినా సరే, ఆ ఐదు గడులను నింపకండి.